క్యూలో ఇరుక్కున్న ఫైలు

ఇంటిగ్రేషన్ టీముల్లో కొన్నాళ్లు పనిచేస్తే ఒక అక్షరాల వరస దానంతటదే కంఠతా వచ్చేస్తుంది. ఇంగ్లిష్ పెద్దబడి అక్షరాల్లో జే, వీ, బీ, ఈ, ఆర్, పక్కన చిన్నబడి ఐ, ఆపైన సున్నా. క్యూ కదలడం లేదని ఫోనొస్తుంది. క్యూ తెరిచి మొదటి మెసేజ్ చూస్తే పైన నాలుగు లైన్ల ఎక్స్‌ఎంఎల్ ఉంటుంది, కస్టమర్ నంబరు, తేదీ, బ్రాంచి కోడు. ఆ కింద ఈ జే వీ బీ ఈ మొదలవుతుంది, ఎంత స్క్రోల్ చేసినా ఆగదు. ఇంకేమీ వెతకక్కర్లేదు. ఎవరో పీడీఎఫ్‌ని మెసేజ్ కడుపులో పెట్టి పంపారు. ప్రతి పీడీఎఫ్ ఫైలూ ఒక శాతం గుర్తు, పీడీఎఫ్ అనే మూడక్షరాలు, ఒక అడ్డగీతతో మొదలవుతుంది. ఆ ఐదింటినీ బేస్64లో రాస్తే వచ్చేది ఈ వరసే. జిప్ ఫైలయితే యూ, ఈ, చిన్నబడి ఎస్‌తో మొదలవుతుంది. చూపు అలవాటుపడ్డాక ఫైలు తెరవకుండానే అది ఏ జాతిదో చెప్పేయొచ్చు.

ఆ పీడీఎఫ్ అక్కడికి ఎలా చేరిందో తెలియాలంటే రెండు వంశాల కథ చెప్పాలి. ఒకటి మెయిల్ వంశం, రెండోది క్యూ వంశం. చాలాకాలం ఇవి ఒకదాని మొహం ఒకటి చూసుకోలేదు.

మెయిల్‌ది ముందు మొదలైంది. తొలినాళ్ల ఈమెయిల్‌కి తెలిసింది ఉత్త అక్షరాలే. 1982లో జాన్ పోస్టెల్ రాసిన ఎస్‌ఎంటీపీ నియమాల ప్రకారం అక్షరానికి ఏడు బిట్లు, లైనుకి వెయ్యి అక్షరాల హద్దు. ప్రోగ్రామో బొమ్మో అలాగే పంపితే దారిలో ఏదో ఒక సర్వర్ ఎనిమిదో బిట్టు కొట్టేసేది, అవతలివాళ్లకి చేరేది చెత్త. అంతకు రెండేళ్ల ముందే, 1980లో, బర్క్‌లీలో చదువుకుంటున్న మేరీ ఆన్ హార్టన్ దీనికో ఉపాయం చేసింది. ఫైల్లోని బిట్లని ఆరేసి చొప్పున విడదీసి, ఒక్కో ఆరింటికీ కీబోర్డు మీద ఉండే ఒక్కో అక్షరం ఇచ్చింది. పేరు యూయూఎన్‌కోడ్. ఫైలు అక్షరాల వేషం కట్టుకుని మెయిల్లో దాటిపోయేది.

దాన్ని పద్ధతిలో పెట్టినవాళ్లు బెల్‌కోర్‌లో ఉన్న నథానియెల్ బోరెన్‌స్టైన్, ఇన్నోసాఫ్ట్‌లో ఉన్న నెడ్ ఫ్రీడ్. 1992 మార్చి 11న బోరెన్‌స్టైన్ ఒక మెయిల్ పంపాడు. అందులో తను పాడే నలుగురు గాయకుల జట్టు ఫొటో, ఆ నలుగురూ పాడిన పాట ఉన్నాయి. జట్టు పేరు టెలిఫోన్ కార్డ్స్. పాట కూడా ఈమెయిల్ గురించే, పాత ప్రేమపాటకి కట్టిన పేరడీ. మెయిల్లో ఫొటోలు పంపుకోవడం ఎవరికి పనికొస్తుందని అడిగినవాళ్లకి, ఏనాటికైనా మనవల ఫొటోలు అందుకోవాలని ఉందని చెప్పేవాడట. అదే ఏడాది జూన్‌లో ఆ ఇద్దరి పేరుతో మైమ్ నియమాలు వచ్చాయి. బేస్64ని వాళ్లు కొత్తగా కనిపెట్టలేదు. మెయిల్‌ని రహస్యంగా పంపడానికి 1980ల్లో చేసిన ప్రయత్నాల్లోంచి తీసుకుని స్థిరపరిచారు. మూడు బైట్లు ఇస్తే నాలుగు అక్షరాలు తిరిగొస్తాయి. అంటే వేషానికయ్యే ఖర్చు మూడో వంతు. మెయిల్లో ఆ ఖర్చు ఎవరికీ బరువనిపించలేదు. ఒక మనిషి పంపుతాడు, ఒక మనిషి తెరుస్తాడు, నిమిషం ఆలస్యమైతే కొంప మునగదు.

క్యూ వంశం పుట్టింది వేరే చోట, వేరే అవసరానికి. 1980ల న్యూయార్క్ ట్రేడింగ్ హాళ్లలో ఒక్కో ట్రేడర్ బల్ల మీద నాలుగైదు తెరలుండేవి. ధరలు ఒక దాంట్లో, వార్తలు ఇంకో దాంట్లో, ఒకదానికొకటి సంబంధం లేదు. ముంబైలో పుట్టి ఎంఐటీలో ఇంజినీరింగ్ చదివిన వివేక్ రణదివే టెక్నెక్రాన్ సాఫ్ట్‌వేర్ సిస్టమ్స్ అనే కంపెనీ పెట్టి ‘ది ఇన్ఫర్మేషన్ బస్’ తయారుచేశాడు. కంప్యూటర్ లోపల రకరకాల కార్డులు ఒకే బస్‌కి తగులుకుని మాట్లాడుకుంటాయి కదా, ప్రోగ్రాములు కూడా అలా ఎందుకు మాట్లాడుకోకూడదన్నది అతని ప్రశ్న. ధర తెలిసినవాడు ఒకసారి చెబితే చాలు, కావలసినవాళ్లంతా వింటారు. మొదటి పెద్ద కస్టమర్ గోల్డ్‌మన్ శాక్స్. 1994లో రాయిటర్స్ ఆ కంపెనీని కొనేసింది, అందులోంచే 1997లో టిబ్‌కో పుట్టింది. ఆ బస్ మీద తిరిగిన మెసేజ్‌లో ఉండేదల్లా షేరు పేరు, ధర, సమయం, అంతే. ఒకటి తప్పిపోయినా మరుక్షణం ఇంకో ధర వస్తుంది.

ఐబీఎం తీసుకున్నది దీనికి పూర్తిగా ఎదురు దారి. 1993లో వచ్చిన ఎంక్యూసిరీస్ ఇచ్చిన మాట ఒక్కటే: నాకిచ్చిన మెసేజ్ ఒక్కసారి, ఒకే ఒక్కసారి అవతలికి చేరుతుంది. కరెంటు పోనీ, లైన్ తెగనీ, అవతలి మెషీన్ రెండ్రోజులు మంచాన పడనీ. అందుకోసం ప్రతి ముఖ్యమైన మెసేజ్‌నీ ముందు డిస్కు మీద లాగ్‌లో రాసి, తర్వాతే సరేనంటుంది. డేటాబేస్‌తో కలిపి కమిట్ చేయొచ్చు. ఖాతాలో డబ్బు తగ్గడం, క్యూలో మెసేజ్ పడడం రెండూ జరుగుతాయి, లేదా రెండూ జరగవు. మధ్యేమార్గం లేదు. బ్యాంకులు దీన్ని నెత్తిన పెట్టుకున్నది ఇందుకే.

హైదరాబాద్ అమీర్‌పేటలో, మైత్రీవనం చుట్టుపక్కల కోచింగ్ సెంటర్ల బోర్డుల మీద జావా, ఒరాకిల్ పక్కనే టిబ్‌కో, వెబ్‌మెథడ్స్, ఎంక్యూ అడ్మిన్ అని కనబడేవి. అవేమిటో బోర్డు కట్టినవాడికి తెలియకపోయినా వాటికి ఉద్యోగాలున్నాయని తెలుసు. అమెరికా బ్యాంకుల, బీమా కంపెనీల క్యూలని రాత్రుళ్లు కాపలా కాసేవాళ్లలో తెలుగువాళ్లు ఇంతమంది ఉండడానికి ఆ సందుల్లో నడిచిన బ్యాచీలు కూడా ఒక కారణం.

ఈ రెండు వంశాలకీ వియ్యం కుదిర్చింది ఎఫ్‌టీపీ మీద విసుగు.

క్యూలు రాకముందూ, వచ్చాకా కూడా, కంపెనీల మధ్య ఫైళ్లు ఎఫ్‌టీపీలోనే వెళ్లేవి. రాత్రి పన్నెండింటికి ఒక స్క్రిప్టు ఫైలు పంపుతుంది, ఒంటిగంటకి అవతల ఇంకో స్క్రిప్టు తీసుకుంటుంది. పంపడం ఆలస్యమైన రోజున అవతలివాడు సగం రాసిన ఫైల్ని పూర్తి ఫైలనుకుని మింగేసేవాడు. అందుకని అసలు ఫైలు పూర్తయ్యాక ట్రిగ్గర్ ఫైలని ఒక ఖాళీ ఫైలు పంపే అలవాటు వచ్చింది. అది కనిపిస్తేనే అసలుది ముట్టుకోవాలి. ఇక ట్రిగ్గర్ ఫైలు వచ్చి అసలుది రాకపోవడం, నిన్నటి ట్రిగ్గర్ చెరపడం మర్చిపోవడం, ఒకే ఫైలు రెండుసార్లు వెళ్లి జీతాలు రెండుసార్లు పడడం లాంటి భయాలు కొత్తగా పుట్టుకొచ్చాయి. పక్కనే ఒక్కసారి, ఒకే ఒక్కసారి అని ప్రమాణం చేసే క్యూ కనబడుతుంటే, ఫైల్ని కూడా అందులోనే వేసేద్దామని ఎవరికైనా అనిపిస్తుంది. అది బద్ధకమని తర్వాత చాలామంది తిట్టారు. నాకలా అనిపించదు. వాళ్లకి కావలసింది క్యూ దారి కాదు, క్యూ ఇచ్చే మాట. పాలసీ నంబరుకి ఉన్న భద్రత పాలసీ కాగితానికి ఎందుకు ఉండకూడదన్నది న్యాయమైన ప్రశ్నే.

కానీ ఆ మాట వెనకున్న ఏర్పాట్లన్నీ చిన్న మెసేజ్‌ని ఊహించుకుని చేసినవి. ఎంక్యూలో మామూలుగా ఉండే హద్దు 4 ఎంబీ. మైక్రోసాఫ్ట్ ఎంఎస్‌ఎంక్యూకి కూడా అంతే. ఐబీఎం తర్వాత దాన్ని 100 ఎంబీ దాకా పెంచుకోనిచ్చింది, ఇప్పటికీ పైహద్దు అదే. హద్దు పెంచినంత మాత్రాన పని తేలికవలేదు. 30 ఎంబీ స్కాన్ కాపీ తీసుకోండి. ఎక్స్‌ఎంఎల్‌లో ఇమడాలి కాబట్టి బేస్64 వేషం కట్టాలి, 40 ఎంబీ అయింది. అందుకునే జావా ప్రోగ్రాము దాన్ని స్ట్రింగ్‌గా చదువుతుంది. 2017లో జావా 9 వచ్చేదాకా స్ట్రింగ్‌లో ప్రతి అక్షరానికీ రెండు బైట్లు, కాబట్టి 80. ఎక్స్‌ఎంఎల్ పార్సర్ తన వాటాగా ఇంకో కాపీ తీసుకుంటుంది. తిరిగి పీడీఎఫ్‌గా మార్చేటప్పుడు మరో 30. ఒక్క కాగితానికి ఇంత. అలాంటివి పది ఒకేసారి వస్తే మెమరీ చాలక ప్రోగ్రాము కూలుతుంది.

ఇక్కడే క్యూ మంచితనం ఎదురు తిరుగుతుంది. ప్రోగ్రాము కూలింది అంటే కమిట్ కాలేదు. కమిట్ కాలేదు అంటే మెసేజ్ చేరనట్టే లెక్క. మాట తప్పకూడదు కాబట్టి క్యూ దాన్ని మళ్లీ వరసలో మొదట నిలబెడుతుంది. ప్రోగ్రాము లేస్తుంది, అదే మెసేజ్ తీసుకుంటుంది, మళ్లీ కూలుతుంది. బ్యాకౌట్ హద్దు పెట్టి, ఇన్నిసార్లు విఫలమైతే పక్కన పడేయమని ముందే చెప్పి ఉండకపోతే ఈ ఆట తెల్లవారేదాకా సాగుతుంది. వెనకాల వేలకొద్దీ చిన్న మెసేజ్‌లు, ఒక్కోటీ ఒక కేబీ కూడా ఉండనివి, దారి దొరక్క నిలబడి ఉంటాయి. అవతల లాగ్ నిండుతుంటుంది. పెద్ద మెసేజ్‌లు లాగ్‌లో పట్టే చోటుని అడ్మిన్లు అంచనా వేసి ఉండరు, ఎందుకంటే ఆ లెక్కలు ధరల, బదిలీల కాలం నాటివి.

పెద్ద మెసేజ్‌ని ముక్కలుచేసి పంపి, అవతల కూర్చుకునే సౌకర్యం ఐబీఎం ఇచ్చింది. సెగ్మెంటేషన్ అంటారు. ముక్కలు చేయడం క్యూ మేనేజరే చూసుకుంటుంది. అంతా బాగానే ఉంది, ఒక్క తిరకాసు. మెయిన్‌ఫ్రేమ్ మీద నడిచే ఎంక్యూలో అది లేదు. ఏ బ్యాంకుల కోసమైతే ఇంత తంటా పడ్డారో, ఆ బ్యాంకుల అసలు ఖాతాలుండేది మెయిన్‌ఫ్రేమ్ మీదే.

ప్రమాణాలు రాసేవాళ్లు ఈలోగా ఊరికే కూర్చోలేదు. 1998లో సన్ కంపెనీ జావా కోసం జేఎంఎస్ తెచ్చింది. అందులో మెసేజ్ రకాలు ఐదు, అటాచ్‌మెంట్ అనే మాటే లేదు. 2000 డిసెంబర్లో హెచ్‌పీ, మైక్రోసాఫ్ట్ మనుషులు కలిసి సోప్ విత్ అటాచ్‌మెంట్స్ అని ఒక పత్రం వెలువరించారు. చేసిందల్లా బోరెన్‌స్టైన్ మైమ్‌ని తెచ్చి వెబ్ సర్వీసుల మీద కప్పడం. మైమ్‌లో ఒక భాగం ఎక్కడ ముగిసిందో తెలియాలంటే సరిహద్దు గీత దొరికేదాకా మొత్తం వెతకాలి. దాని బదులు ముందే పొడవు రాసేద్దామంటూ మైక్రోసాఫ్ట్ డైమ్‌ని తెచ్చింది. అది కొద్దికాలానికే చరిత్రలో కలిసిపోయింది. 2005 జనవరిలో డబ్ల్యూ3సీ ఎంటామ్‌ని ఆమోదించింది. చూసేవాడికి ఫైలు ఎక్స్‌ఎంఎల్ లోపలే బేస్64గా ఉన్నట్టుంటుంది, తీగ మీద మాత్రం పచ్చి బైట్లుగా పక్కన వెళ్తుంది. తెలివైన పనే, వేషం ఖర్చు మూడో వంతు మిగిలింది. బరువు మాత్రం అదే బండి మీద ఉంది.

నాకు ఎక్కువ ఇష్టమైన ఘట్టం, ఎక్కువమందికి తెలియనిది కూడా, ఏఎంక్యూపీది. 2003లో జేపీమోర్గన్ చేజ్‌లో పనిచేస్తున్న జాన్ ఒహారా, ఏ కంపెనీ సొత్తూ కాని క్యూ భాష ఒకటి ఉండాలని పట్టుబట్టాడు. ఐమాటిక్స్ కంపెనీ, దాన్ని నడిపే పీటర్ హిన్‌చెన్స్ కలిసి దాన్ని కాగితం మీద పెట్టారు. 2006లో బయటికొచ్చిన ఆ తొలి రూపం తిరగేస్తే, మామూలు మెసేజ్‌ల తరగతి పక్కనే ఫైళ్ల కోసం విడిగా ఒక తరగతి కనిపిస్తుంది. అది పనిచేయాల్సిన తీరు ఇది. పంపేవాడు ముందు క్యూలని నడిపే సర్వర్‌ని, అంటే బ్రోకర్‌ని అడుగుతాడు: ఫలానా గుర్తుతో ఇంత పొడవున్న ఫైలు పంపుతున్నాను, తలుపు తీయి. బ్రోకర్ జవాబిస్తుంది: ఈ ఫైల్లో ఇన్ని బైట్లు నా దగ్గర ఇంతకు ముందే ఉన్నాయి. పోయినసారి లైన్ తెగినప్పుడు సగం వచ్చి ఆగిందన్నమాట. పంపేవాడు అక్కడినుంచి మొదలుపెడతాడు. ఫైలంతా ఒక తాత్కాలిక చోటికి చేరాక, అప్పుడు ఒక చిన్న మెసేజ్‌తో ఇక దాన్ని పంచిపెట్టమని చెప్తాడు. ఎఫ్‌టీపీ వాళ్లు ఏళ్ల తరబడి ట్రిగ్గర్ ఫైళ్లతో ఆడిన నాటకాన్ని ప్రోటోకాల్‌లోనే మర్యాదగా రాసి పెట్టారు.

రాసిపెట్టారు గానీ, వాడుకలో నిలబడలేదు. 2007లో వచ్చి అందరికంటే బాగా పాతుకుపోయిన రాబిట్‌ఎంక్యూ ఆ తరగతి జోలికే పోలేదు. 2008 చివర్లో 0-9-1 రూపం వచ్చేసరికి ఆ పేజీలే లేవు. ఎందుకు ఎవరూ పట్టించుకోలేదో ఊహించడం కష్టం కాదు. దాన్ని అమలు చేసిన బ్రోకర్ ఫైల్ సర్వర్ కూడా అయి తీరాలి. సగం వచ్చి ఆగిన ఫైళ్లని ఎన్నాళ్లు దాచాలి, ఎవరి చోటులో దాచాలి, పంపేవాడు మళ్లీ రాకపోతే ఎప్పుడు పారేయాలి, ఇవన్నీ దాని నెత్తినే పడతాయి. మెసేజ్‌లు చకచకా తిప్పడమే పరువుగా బతికే సాఫ్ట్‌వేర్‌కి ఆ గొడౌన్ ఉద్యోగం రుచించదు.

ఇక మిగిలింది పాత దారి. 2003లో గ్రెగర్ హోప్, బాబీ వుల్ఫ్ రాసిన ‘ఎంటర్‌ప్రైజ్ ఇంటిగ్రేషన్ ప్యాటర్న్స్’ పుస్తకంలో క్లెయిమ్ చెక్ అని ఒక పద్ధతి ఉంది. అలిపిరి మెట్ల దారిలో నడిచివెళ్లేవాళ్లు సామాను కింద కౌంటర్లో ఇచ్చేసి టోకెన్ తీసుకుంటారు. మూటలు ఘాట్ రోడ్డు మీద లారీలో వెళ్తాయి, మనిషి చేతులూపుకుంటూ మెట్లెక్కుతాడు, కొండమీద టోకెన్ చూపించి తన మూట తను తీసుకుంటాడు. ఇదీ అంతే. ఫైల్ని వేరే స్టోరేజీలో పెట్టి దాని కీ ఒక్కటే మెసేజ్‌లో పంపడం. వాళ్లు కనిపెట్టిందని కాదు, అప్పటికే ఎందరో చేస్తున్నదానికి పేరు పెట్టి, ఎప్పుడు చేయాలో చెప్పారు. పేరొచ్చాక మీటింగుల్లో వాదన తేలికైంది.

క్లెయిమ్ చెక్‌ని బ్రోకర్ లోపలే కట్టి ఇచ్చినవాళ్లలో అపాచీ యాక్టివ్‌ఎంక్యూ ఒకటి. బ్లాబ్ మెసేజ్ అని ఒక కొత్త రకం. ప్రోగ్రామర్ ఫైలిస్తే చాలు, అది వెనకనుంచి హెచ్‌టీటీపీలో ఒక సర్వర్‌కి ఎక్కుతుంది, క్యూలో చిరునామా మాత్రమే వెళ్తుంది. ఎవరూ విడిగా సర్వర్ వెతుక్కోనక్కర్లేకుండా ఫైల్‌సర్వర్ అనే చిన్న వెబ్ అప్లికేషన్‌ని బ్రోకర్‌తోపాటే ఇచ్చారు. అది నమ్మకస్తుల లోకం కోసం రాసింది. ఎవరైనా పుట్ అంటే ఫైలు పెట్టుకునేది, మూవ్ అంటే చెప్పిన చోటికి జరిపేది. పైకి ఎక్కించిన ఫైల్ని జేఎస్‌పీ పేజీలు నడిచే డైరెక్టరీలోకి జరిపితే ఆ ఫైలే సర్వర్ మీద ప్రోగ్రామై నడుస్తుంది. 2016లో దీన్ని సీవీఈ-2016-3088 అనే భద్రతా లోపంగా నమోదు చేశారు. 5.14 వెర్షన్‌లో ఫైల్‌సర్వర్‌ని మొత్తంగా పీకేశారు. ఇప్పటికీ ఇంటర్నెట్‌లో తెరిచి ఉన్న పాత బ్రోకర్లని తడుముకుంటూ తిరిగే స్క్రిప్టులు ఆ తలుపుని తట్టి చూస్తూనే ఉంటాయి. అటాచ్‌మెంట్ పంపడం తేలిక చేద్దామని పెట్టిన కిటికీ అది.

ఐబీఎం మాత్రం తన దారిలోనే నడిచింది. 2008లో ఎంక్యూ మీద ఫైళ్లు పంపడానికే విడిగా ఒక ఉత్పత్తి తెచ్చింది. రెండు చివర్లా ఏజెంట్లు కూర్చుని ఫైల్ని ముక్కలుచేసి చిన్న మెసేజ్‌లుగా పంపి, అవతల కూర్చి, చెక్‌సమ్ సరిచూస్తాయి. మధ్యలో తెగితే ఆగినచోటినుంచి మొదలవుతుంది. ఏఎంక్యూపీ ఫైల్ తరగతి కలగన్నదే ఇది. కాకపోతే ఫైళ్లు దాచే బాధ్యత క్యూకి కాక ఏజెంట్లకి ఇచ్చారు, అందుకే నిలబడింది. దీని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడుకోరు, బాగా పనిచేసేవాటి గతి అంతే.

మిగతా కొత్త తరం క్యూలు హద్దుల్ని బాహాటంగానే చిన్నగా పెట్టుకున్నాయి. లింక్డిన్‌లో పుట్టిన కాఫ్కాలో మెసేజ్ హద్దు మామూలుగా 1 ఎంబీ. రాబిట్‌ఎంక్యూలో 128 ఎంబీ ఉండేది, నాలుగో వెర్షన్‌లో దాన్ని 16కి దించేశారు. సాఫ్ట్‌వేర్‌లో హద్దులు పెరగడం చూస్తాం, తగ్గించడం అరుదు, ఎవరు ఏం పెట్టి పంపుతుంటే విసిగిపోయారో తెలుస్తూనే ఉంది. అమెజాన్ ఎస్‌క్యూఎస్ 2013లో 256 కేబీ చేసి, చాలా ఏళ్లు అక్కడే ఆగింది. 2025లో గానీ 1 ఎంబీ కాలేదు. అంతకు మించినదానికి 2015లోనే ఒక జావా లైబ్రరీ ఇచ్చారు. అది 2 జీబీ దాకా ఉన్న ఫైల్ని అమెజాన్ స్టోరేజీ ఎస్3లో పెట్టి కీని క్యూలో వేస్తుంది. అందుకున్నవాడు మెసేజ్ చెరిపితే లైబ్రరీ ఎస్3లోని ఫైలు కూడా చెరుపుతుంది.

మొదట ఫైళ్లని క్యూలోకి లాగింది సైజు కాదు, రెండూ జరగాలి లేదా రెండూ జరగకూడదన్న ఆ ఒప్పందం. క్లెయిమ్ చెక్‌లో పోయింది అదే. ఎస్3లో ఫైలు పెట్టాక క్యూలో మెసేజ్ పడేలోపు ప్రోగ్రాము చచ్చిపోతే ఫైలు అనాథ. ఒకే మెసేజ్‌ని ముగ్గురు చదవాల్సి ఉండి మొదటివాడు ఫైలు చెరిపేస్తే మిగతా ఇద్దరికీ ఉత్త కీ. ఇవి ఎఫ్‌టీపీ నాటి ట్రిగ్గర్ ఫైలు బాధలే, ఇంకో ఇంట్లో అద్దెకి దిగాయి. కొత్తగా డిజైన్ చేసేవాళ్లని సైజెంతని కాక, ఫైల్ని ఎవరు, ఎప్పుడు చెరుపుతారని మొదట అడగాలి. ఆ ప్రశ్నకి జవాబున్న డిజైన్లు తక్కువ చూశాను.

ఎస్‌క్యూఎస్‌లో మెసేజ్ ఎక్కువలో ఎక్కువ 14 రోజులుంటుంది. ఎవరూ తీసుకోకుండా గడువు దాటితే అది మాయమవుతుంది, ఎస్3లోని ఫైలు మాత్రం ఉండిపోతుంది, దాన్ని చెరపమని ఎవరూ చెప్పలేదు కాబట్టి. అందుకే అమెజాన్ ఇచ్చే నమూనా కోడ్‌లో ఫైళ్లుండే ఎస్3 బకెట్‌కి కూడా 14 రోజుల గడువు పెట్టి ఉంటుంది. జట్లు దాన్ని అలాగే కాపీ చేసుకుంటాయి. విఫలమైన మెసేజ్‌ని తర్వాత తీరిగ్గా చూద్దామని ఎవరైనా దాన్ని ఒక టేబుల్‌లోకి దాచుకుని, బగ్ సరిచేసి, నెల తర్వాత మళ్లీ నడిపిస్తే, పాలసీ నంబరు, తేదీ, కీ అన్నీ సరిగ్గానే ఉంటాయి. ఎస్3 మాత్రం 404 అని జవాబిస్తుంది.